మగవాళ్ళ ఆఫీసు చొక్కా: మా గోదావరి గట్టు కథ

మా ఇంట్లో మగవాళ్ళ చొక్కాలు కొనేది నేనే. మా వారికి బట్టల షాపు అంటే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే. లోపల అడుగు పెట్టిన పది నిమిషాలకు "అయిపోయిందా?" అని మొదలుపెడతారు. ఈ ఏడాది మా అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. రోజూ నలుగురిని కలిసే పని. ఇస్త్రీ చొక్కా, టక్కు, బూట్లు తప్పనిసరి. అయిదు చొక్కాలు కావాలి. మొదటి జీతం చేతికి రావడానికి నెలన్నర పడుతుంది. చొక్కాల కోసం నేను పక్కన పెట్టగలిగింది నాలుగు వేలు.

కొత్తగూడెం, ఖమ్మం రెండూ తిరిగాను. ఒక చోట తెల్ల చొక్కా 350. ఇంకో చోట అలాంటిదే 900. పక్క వీధిలో అద్దాల షాపులో 2,400. మూడూ తెలుపే, మూడింటికీ ఏడు గుండీలే. ఈ తేడా దేనికి? బ్రాండు పేరుకా, గుడ్డకా, కుట్టుకా? షాపులో కుర్రాణ్ణి అడిగితే "క్వాలిటీ మేడమ్" అన్నాడు. ఆ ఒక్క మాటతో తృప్తి పడలేక, అసలు ఈ చొక్కా మన దగ్గరికి ఎలా వచ్చిందో, దాని ధర ఎవరెవరి చేతుల మీదుగా పెరిగిందో, తగ్గిందో ఆలోచించడం మొదలుపెట్టాను. చదివినవి కొన్ని, ఇంట్లో విన్నవి కొన్ని. అవన్నీ కలిపి రాస్తున్నాను.

చొక్కా మన పాత బట్ట కాదని అందరికీ తెలిసిందే. మగ్గం మీద నుంచి దిగిన పంచె అప్పటికే పూర్తయిన బట్ట. కత్తెర అక్కర్లేదు, సూది అక్కర్లేదు. భుజం మీద కండువా ఉంటే చాలు, మనిషి మర్యాదస్తుడే. ఇప్పటికీ పెళ్ళి పీటల మీద, పూజలో కూర్చునే మగవాళ్ళు చొక్కా విప్పి ఉత్తరీయం కప్పుకుంటారు. భద్రాద్రి రాముడికి నవమి నాడు ప్రభుత్వం తెచ్చి ఇచ్చే పట్టు వస్త్రాలు కూడా కుట్టనివే. కుట్టిన బట్ట ఇక్కడ ముందు దర్బారు బట్టగా వచ్చింది. పదిహేడో శతాబ్దంలో మన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న నాటికి గోల్కొండ కొలువులో జామాలు, అంగరఖాలు ఉండేవి. అంటే మన నేల మీద కుట్టిన పై బట్ట మొదటి నుంచీ ఉద్యోగంతో, సర్కారుతో ముడిపడిందే. "ఆఫీసు చొక్కా" అనే మాటకు వేరు అక్కడుంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. మనం ఇంకా చొక్కా తొడగని రోజుల్లోనే మన గోదావరి గుడ్డ సముద్రం దాటి వెళ్ళేది. భద్రాచలం ముందు నుంచి పారే ఈ నీళ్ళే కింద నరసాపురం దగ్గర సముద్రంలో కలుస్తాయి. అక్కడ మాధవాయిపాలెం అనే ఊళ్ళో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పదిహేడో శతాబ్దంలో గిడ్డంగి పెట్టి, చుట్టుపక్కల నేతగాళ్ళ దగ్గర నూలు గుడ్డ కొని ఇంగ్లండుకు పంపారు. ఊరి పేరు వాళ్ళ నోట్లో పడి "మడపొల్లం" అయింది. ఆ ఊరు చిన్నదైపోయింది గానీ ఆ పేరు ఇప్పటికీ బతికే ఉంది. మెత్తగా, ఒత్తుగా నేసిన తెల్ల నూలు గుడ్డను యూరప్‌లో మడపొల్లం అనే అంటారు. తర్వాత మాంచెస్టరు మిల్లులు అలాంటి గుడ్డను యంత్రాల మీద నేసి మనకే తిరిగి అమ్మాయి. మన పెద్దవాళ్ళు "గ్లాస్కో మల్లు" అని మురిసిపోయిన గుడ్డ అలా వచ్చిందే. నేత మనది, లాభం వాళ్ళది. చవక ధర వెనక ఎవరో ఒకరు నష్టపోయి ఉంటారన్న సంగతికి మా గోదావరే పాత సాక్షి.

ఇక మా ప్రాంతం చరిత్ర కాస్త చెప్పాలి. గోదావరికి ఇవతల పాల్వంచ, ఖమ్మం నిజాం రాజ్యం. అవతల ఒడ్డున భద్రాచలం తాలూకా. 1860లో నిజాం ఆ భాగాన్ని ఇంగ్లీషు వాళ్ళకు వదులుకున్నాడు. కొన్నాళ్ళు మధ్య పరగణాల కింద ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. అప్పటి నుంచి దేశానికి స్వతంత్రం వచ్చేదాకా, మా ఊళ్ళ మధ్య ఉన్నది నది మాత్రమే కాదు, రెండు రాజ్యాల సరిహద్దు. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు రూపాయి. సరుకు దాటితే నిజాం వాళ్ళ కరోడ్‌గిరి సుంకం.

ఈ సరిహద్దు మా ఇంటి గోడ మీద ఇప్పటికీ కనిపిస్తుంది. మా నాన్న వాళ్ళ నాన్న నిజాం సర్కారులో గిర్దావరు దగ్గర పని చేశాడు. ఫోటోలో మెడ దాకా గుండీలు పెట్టిన షేర్వానీ, నెత్తిన టోపీ. మా అమ్మ వాళ్ళ నాన్న భద్రాచలం తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయన ఫోటోలో పంచె మీద నల్ల కోటు, లోపల కాలరు చొక్కా, తలపాగా. పాతిక మైళ్ళ దూరం లేని ఇద్దరు ఉద్యోగస్తులు రెండు దేశాల వాళ్ళలా ఉంటారు. మాటా అంతే. నాన్న వైపు వాళ్ళు "అంగీ" అంటే అమ్మ వైపు వాళ్ళు "చొక్కా" అనేవారు. మా చిన్నప్పుడు మేము రెండూ అనేవాళ్ళం. స్కూల్లో మాత్రం షర్టు.

మా వైపు మిల్లు గుడ్డకు పెద్ద మలుపు 1934. ఏడో నిజాం కాలంలో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు పెట్టారు. అప్పటికి ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం, ప్రత్యేక జిల్లా అయింది 1953 అక్టోబరు 1న. అంటే మా తాతకు సొంత జిల్లాలోనే నేసిన గుడ్డ దొరికింది. అవతలి ఒడ్డుకు మద్రాసు బిన్నీ మిల్లుల డ్రిల్లు, ఖాకీ వచ్చేది. ఆ గుడ్డ బండల్లా మన్నేదని అమ్మ చెబుతుంది. తాతయ్య చొక్కా చిరిగాక సంచీ అయ్యేది, సంచీ చిరిగాక పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది.

ఇంతకీ కాలరు చొక్కాలో చాకిరీ అంతా కాలరుదే. ఇది ప్రతి ఇల్లాలికీ తెలిసిన విషయం. చొక్కా ఒళ్ళు శుభ్రంగానే ఉంటుంది, మెడ దగ్గర మాత్రం నల్లటి గీత. దాని కోసం మొత్తం చొక్కా ఉతకాలి. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో హన్నా మాంటెగ్యూ అనే ఇల్లాలికి కూడా ఇదే విసుగు పుట్టిందట. 1827లో ఆవిడ భర్త చొక్కాల కాలర్లు కత్తిరించేసి, విడిగా ఉతికి, మళ్ళీ తగిలించేలా చేసిందని చెబుతారు. ఆ ఆలోచన మీద ఊరు ఊరంతా కాలర్ల ఫ్యాక్టరీలు లేచాయి. ట్రాయ్‌కి "కాలర్ సిటీ" అనే పేరొచ్చింది. అక్కడి క్లూయెట్ పీబాడీ కంపెనీదే యారో బ్రాండు. ముందు నుంచి కింద దాకా గుండీలున్న చొక్కా మాత్రం లండన్‌లో 1871లో రిజిస్టరు అయింది. అంతకు ముందు చొక్కాలు తల మీంచి తొడుక్కునేవే.

అదే క్లూయెట్ కుటుంబంలోని శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930 ప్రాంతంలో గుడ్డ ఉతికితే ముడుచుకుపోకుండా ముందే కుదించే పద్ధతి కనిపెట్టాడు. మన మిల్లు గుడ్డల అంచు మీద "శాన్‌ఫరైజ్డ్" అని ముద్ర ఉండేది గుర్తుందా? అది ఆయన పేరే. అంతకు ముందు గుడ్డ కొనగానే బిందెలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు దర్జీకి ఇచ్చేవారు. ఇప్పటికీ చేనేత గుడ్డకూ, ఊరూ పేరూ లేని కాటన్‌కూ నేను అదే చేస్తాను.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక గుడ్డకు కరువు. 1943లో బ్రిటిషు సర్కారు నూలు మీద, గుడ్డ మీద కంట్రోలు పెట్టింది. "కంట్రోలు గుడ్డ" అన్న మాట మా అమ్మమ్మ చివరి దాకా వాడింది. ఎక్కడ మోటు గుడ్డ కనిపించినా ఆవిడకు అది కంట్రోలు గుడ్డే. యుద్ధం పోయినా, స్వతంత్రం వచ్చినా, మామూలు ఉద్యోగస్తుడికి చొక్కా ఖరీదైన వస్తువుగానే మిగిలింది.

మా నాన్న సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. 1959లో భద్రాచలం, వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 1965లో గోదావరి మీద వంతెన తెరిచారు. అప్పటి దాకా పడవ మీద దాటిన ఖమ్మం వైపు మనిషి బస్సులో ఏజెన్సీకి ఉద్యోగానికి వెళ్ళే వీలు కలిగింది. అలా వెళ్ళిన వాళ్ళలో నాన్న ఒకరు. చర్ల వైపు అడవి పల్లెల్లో టీచరు. ఆయనకు రెండే తెల్ల చొక్కాలు, పాప్లిన్‌వి. ఒకటి ఒంటి మీద, ఒకటి తాడు మీద. వానాకాలంలో తాడు మీదది ఆరేది కాదు. తడిదే తొడుక్కుని బడికి వెళ్ళేవాడట.

ఏడాదికోసారి కాలరు మడత దగ్గర అంచు చిట్లేది. అప్పుడు ఖమ్మం వచ్చినప్పుడు తెలిసిన మేర ఆయన దగ్గరికి తీసుకెళ్ళేవాడు. మా వైపు దర్జీ పని వాళ్ళది, మేర కులం వాళ్ళది. ఆయన కాలరు కుట్లు విప్పి, దాన్ని తిరగేసి, చిరిగిన వైపు లోపలికి పోయేలా మళ్ళీ కుట్టేవాడు. దానితో చొక్కాకు ఇంకో ఏడాది ఆయుష్షు. కఫ్‌లు కూడా అలాగే తిప్పేవారు. ఇన్‌స్పెక్షన్‌కి దొర వచ్చినప్పుడు నాన్న కాలరు తిప్పిన చొక్కాతోనే నిలబడ్డాడు. ఆ సంగతి బయటి వాళ్ళెవరికీ తెలియలేదు. ఆ నీటు వెనక మా అమ్మ చాకిరీ ఉంది. సోడాలో ఉడకబెట్టడం, నీలిమందు, గంజి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె. చొక్కా ధర అని మనం లెక్క వేసేటప్పుడు ఇది ఎవరూ కలపరు.

అందుకే టెర్లిన్ వచ్చినప్పుడు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువ సంతోషించి ఉంటారని నా నమ్మకం. ఈ దారాన్ని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. 1960ల్లో "టెరీన్" పేరుతో మన దేశంలోనే తయారవడం మొదలైంది. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోతుంది. ఇస్త్రీ అక్కర్లేదు. చిరగదు. పత్తితో కలిపితే టెర్రికాటన్. మా వైపు అది జీతాల బట్టగా వచ్చింది. కొత్తగూడెంలో సింగరేణి, 1966 నుంచి పాల్వంచలో థర్మల్ కరెంటు స్టేషను, 1979 నుంచి సారపాకలో కాగితం మిల్లు. నెల జీతం ఉన్న ఇల్లు ఎక్కడుంటే అక్కడ తీగ మీద టెర్రికాటన్ చొక్కా వేలాడేది. బొగ్గు పొడి కూడా దాని మీద నుంచి సులువుగా వదిలేది. ఒక్కటే బాధ, ఎండ. మా ప్రాంతం మే నెల ఎండ గురించి తెలుగు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ గుడ్డ చెమట పీల్చదు. మనిషి లోపల ఉడికిపోతుంటే పైకి మాత్రం నలగకుండా ఉండేది.

ఆ రోజుల్లోనే మనకు ఇంకో అలవాటు పట్టింది. శుభకార్యాల్లో "బట్టలు పెట్టడం" అంటే ప్యాంటు పీసు, షర్టు పీసు. చిన్న పన్నా గుడ్డయితే రెండుంపావు, రెండున్నర మీటర్లు. పెద్ద పన్నా అంటే 58 అంగుళాలదయితే ఒకటీ అరవై. అట్టపెట్టెలో సెల్లోఫేన్ కాగితం చుట్టి వచ్చే ఆ షర్టు పీసు కుట్టుడు కూలికి భయపడి బీరువాలో పడుకునేది. తర్వాత ఇంకో పెళ్ళికి వెళ్ళేది. మా బంధువుల్లో ఒక గళ్ళ షర్టు పీసు మూడు ఇళ్ళు తిరిగి మా ఇంటికే వచ్చింది. పెట్టె మూల మీద మా పిన్ని పెన్నుతో పెట్టిన టిక్కు చూసి గుర్తుపట్టాం.

1980లు గుడ్డ చవకైన కాలం. 1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలై ఏడాదికి పైగా సాగింది. మిల్లులు చాలా వరకు మళ్ళీ కోలుకోలేదు. ఆ గుడ్డ భివండీ, సూరత్ మరమగ్గాల మీదికి మారింది. ఆ మరమగ్గాల దగ్గర నిలబడ్డది ఎవరనుకున్నారు? కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం వదిలి వలస పోయిన మన పద్మశాలీలు ఎందరో. ఖమ్మంలో "బొంబాయి గుడ్డ" అని మనం కొన్న తాను మన తెలుగు వాళ్ళు రాత్రి షిఫ్టులో నేసినది అయి ఉండవచ్చు. ఇక్కడ సిరిసిల్లలో కూడా చేమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాయి. ఆజంజాహీ మిల్లు చిక్కి చిక్కి 2002లో మూతపడింది. కట్ పీసుల షాపులో మీటరు ధర తగ్గి మనం సంబరపడ్డ ఏళ్ళూ, నేతగాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగని ఏళ్ళూ ఒకటే.

మరి రెడీమేడ్ చొక్కా అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? రైలు, సినిమా, రేడియో అన్నీ ముందే వచ్చాయి కదా. దీనికి చట్టంలో ఒక కారణం ఉంది. రెడీమేడ్ దుస్తుల తయారీని ప్రభుత్వం చాలా కాలం చిన్న పరిశ్రమలకే కేటాయించింది. పెద్ద కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ పెట్టి దేశమంతటికీ చొక్కాలు కుట్టే వీల్లేదు. అందుకే మిల్లులు గుడ్డ అమ్మేవి, దర్జీలు కుట్టేవారు. వీధికో మిషను ఉండేది. 1980ల చివర బ్రాండులు మొదలయ్యాయి. లూయీ ఫిలిప్ 1989, వాన్ హ్యూసెన్ 1990. 1993లో యారోను అర్వింద్ వాళ్ళు తెచ్చారు. అంటే ఆ హన్నా గారి ఊరి కాలరు 166 ఏళ్ళకు మన దాకా వచ్చింది. ఇవన్నీ డబ్బున్న వాళ్ళకే. మధ్యతరగతి ఆఫీసు వాళ్ళకోసమని 1997లో వచ్చింది పీటర్ ఇంగ్లండ్. 2000లో వచ్చిన జాతీయ జౌళి విధానం ఆ కేటాయింపును ఎత్తేసింది. ఇక ఫ్యాక్టరీ చొక్కాల వరద మొదలైంది.

ఈ వరద మా అడవి అంచు దాకా వచ్చింది. ఏజెన్సీ సంతల్లో ఒకప్పుడు గుడ్డ తానులు పరిచి అమ్మిన చోట ఇప్పుడు హ్యాంగర్లకు చొక్కాలు వేలాడతాయి. దీన్ని చిన్నచూపు చూడను. నాన్న చదువు చెప్పిన కోయ పిల్లల్లో కొందరు టీచర్లయ్యారు, ఫారెస్టు డిపార్ట్‌మెంటులో చేరారు. వాళ్ళలో ఒకతను మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పాడు, ఇంటర్వ్యూకి సంతలో కొన్న చొక్కాతోనే వెళ్ళానని, మేర ఆయనకు కొలతలిచ్చి పది రోజులు ఆగే టైమూ, డబ్బూ తన దగ్గర లేవని. రేపు పొద్దున బస్సెక్కాల్సిన పిల్లవాడికి ఇవాళ దొరికే చొక్కా ఎంత విలువైనదో, బీరువా నిండా చొక్కాలున్న వాళ్ళకు తెలియదు.

ఇంత తెలిశాక మా నాలుగు వేల దగ్గరికి వద్దాం. ధర దేనిదో ఇప్పుడు నాకు కొంత అర్థమయింది. మొదటిది గుడ్డ. లోపల చిన్న పట్టీ మీద నూలు ఎంత, పాలిస్టర్ ఎంత అని రాసి ఉంటుంది, అది చదవాలి. నూలు నంబరు పెరిగే కొద్దీ దారం సన్నం, గుడ్డ నునుపు, ధర ఎక్కువ. రోజువారీ ఆఫీసుకు నలభై, అరవై నంబరు చాలు, అవే ఎక్కువ రోజులు మన్నుతాయి కూడా. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నేత ఒత్తుగా ఉందో, గంజితో నిలబెట్టారో తెలిసిపోతుంది. గోటితో గీస్తే తెల్లటి పొడి రాలిందంటే అది గంజి బలమే.

రెండోది కుట్టు. చొక్కాను తిరగేసి చూడాలి. పక్క కుట్టు మడిచి రెండు వరసలు వేశారా, లేక ఓవర్‌లాక్ చేసి వదిలేశారా? కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయా? గళ్ళ చొక్కా అయితే జేబు మీద గళ్ళు ఒంటి గళ్ళతో కలిశాయా? కాజాల అంచు దారాలు లేచి ఉంటే ఆరు ఉతుకులకు గుండీ ఊడుతుంది. లోపల ఒక గుండీ అదనంగా కుట్టి ఇచ్చారంటే వాళ్ళు చొక్కా బతకాలని కోరుకున్నారన్న మాట.

మూడోది కాలరు. మళ్ళీ అక్కడికే వచ్చాం. ఇప్పటి కాలర్లలో లోపలి గుడ్డను వేడితో అతికిస్తారు, దాన్ని ఫ్యూజింగ్ అంటారు. మంచి ఫ్యూజింగ్ అయితే ఏళ్ళు నిలుస్తుంది. చవకది నాలుగు ఉతుకులకు బుడగలు బుడగలుగా లేస్తుంది, ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోదు. కాలరు కొసను వేళ్ళ మధ్య నలిపి చూస్తే రెండు పొరలు విడివిడిగా జారుతుంటే అది అతుకు పట్టలేదన్నట్టు. 350 రూపాయల చొక్కాలో మిగిలించింది ఎక్కువగా ఇక్కడే.

నాలుగోది మన జేబుకు సంబంధం లేని ఖర్చు. షాపు అద్దె, ఏసీ, ప్రకటన, ఆ పైన పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న దుస్తుల మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. కాబట్టి 2,600 చొక్కాకూ 2,400 చొక్కాకూ మధ్య తేడాలో గుడ్డ కంటే పన్నే ఎక్కువ. ఆఫర్లో "సగం ధర" అని రాసిన దానికి అసలు ధర ఎంతన్నది చూడను. చివరికి నేనిచ్చేదెంత, లోపలి కుట్టు ఎలా ఉంది, అంతే.

మేము చేసింది ఇది. ఖమ్మం కమాన్ బజారులో నూలు గుడ్డ, పెద్ద పన్నా, ఒక్కోటి ఒకటీ అరవై చొప్పున రెండు కొన్నాం. ఒకటి తెలుపు, ఒకటి లేత నీలం. మీటరు 220. మా వీధి చివర దర్జీ దగ్గర కుట్టించాం, చొక్కాకు 400 కూలి. అంటే ఒక్కోటి 752 పడింది. పాత స్టాకు తీసేస్తున్న షాపులో బ్రాండు చొక్కాలు రెండు, ఒక్కోటి 799. కాలరు సైజు 40, చేతులు మా వాడికి సరిపోయాయి. అయిదోది మంగళగిరి చేనేత గుడ్డ. ముందు నానబెట్టి, ఆరేసి అదే దర్జీకి ఇచ్చాం, 890 అయింది. అన్నీ కలిపి 3,992. మిగిలిన ఎనిమిది రూపాయలకు ఎర్ర దారం ఉండ కొందామా అన్నాడు మా అబ్బాయి, వాడి వెటకారం వాడిది.

ఆ దర్జీకి డెబ్భై దగ్గర పడుతోంది. పిల్లలు ఈ పనిలోకి రాలేదు. రావాలని ఆయనా కోరుకోలేదు. "రోజుకు మూడు చొక్కాలు కుడితే కళ్ళు కనపడవమ్మా, మూడు కుట్టకపోతే ఇల్లు గడవదు" అన్నాడు. ఇప్పుడు ఎక్కువగా ఆయన చేసేది ఆన్‌లైన్‌లో కొన్న చొక్కాలకు చేతులు కురచ చేయడం, నడుము బిగించడం. నాన్న చొక్కాల కాలరు తిప్పడం గురించి అడిగితే నవ్వాడు. ఫ్యూజింగ్ కాలరు విప్పి తిప్పడం కుదరదట, లోపల జిగురు గుడ్డను పట్టేసి ఉంటుంది, విప్పబోతే చిరిగిపోతుంది. కాన్వాసు పెట్టి కుట్టిన కాలరయితేనే తిప్పగలం అన్నాడు. "ఇప్పుడెవరు తిప్పించుకుంటారమ్మా, కొత్తదే మూడొందల యాభైకి వస్తుంటే."

ఆ మూడొందల యాభైది ఎన్నాళ్ళు మన్నుతుందో నేను లెక్క వేసి చూశాను. మా వారికి అలాంటివి రెండు కొన్నాను లోగడ, ఎనిమిది నెలలు వచ్చాయి. నాన్న పాప్లిన్ చొక్కాలు ఒక్కోటి నాలుగేళ్ళు తొడిగాడు, మధ్యలో ఒకసారి కాలరు తిప్పించి. నెలకు ఎంత పడిందని చూస్తే ఏది చవకో ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు. ఆ నాలుగేళ్ళలో అమ్మ గంజి పెట్టిన పొద్దుటిపూటలు కూడా లెక్కలోకి తీసుకోవాలని మాత్రం నా మనవి. మా అబ్బాయికి అందుకే చొక్కాలతో పాటు ఒక ఇస్త్రీ పెట్టె కూడా సర్ది పంపాను. కాలరు ముందు తిరగేసి రుద్దాలని, కొసల నుంచి మధ్యకు ఇస్త్రీ చేయాలని చూపించాను. కుట్టించిన రెండింటికీ కాలరులో కాన్వాసే పెట్టమని దర్జీకి ముందే చెప్పాను. దానికి ఆయన ఒక్క రూపాయి కూడా అదనంగా తీసుకోలేదు.